డైరెక్టరీలో ఒకే ఒక్క నాయుడు

ద్రాక్ష తెగుళ్ల మీద పరిశోధనకు నాకు సీటొచ్చిన ఊరు సిడ్నీకి మూడు గంటల దూరం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ద్రాక్షతోటలు, మధ్యలో ఎర్ర ఇటుకల యూనివర్సిటీ. చూడగానే మనసు పారేసుకున్నాను. మా ఆయన బాలమురళి మాత్రం పెళ్లిచూపుల్లో వంకలు వెతికే మేనత్తలా తయారయ్యాడు. బస్సులు తక్కువట. గాలి ఎక్కువట. కరివేపాకు దొరకదట.

ఊరు చూడ్డానికి ఇద్దరం కారులో వచ్చింది తొంభై తొమ్మిది ఆగస్టులో. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కూలిపోతాయని సిడ్నీ పక్కన పారమట్టాలో ఆయన ఆఫీసు హడలిపోతోంది. ఆ కంగారు ఇంటికీ పాకింది.

"ఈ ఊళ్లో తెలుగు ఫ్యామిలీ ఒక్కటంటే ఒక్కటి ఉందని చూపించు సుందరీ, హ్యాపీగా జాయినైపో. లేదంటే సిడ్నీలోనే ఏదో ఒకటి చూసుకుందువుగాని," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. చదువు నాది, షరతు ఆయనది! అయినా పంతం పట్టి, పోస్టాఫీసు పక్కన ఫోన్ బూత్‌లోకి దూరి, గొలుసుకు వేలాడుతున్న డైరెక్టరీ తిరగేశాను. ఆ రోజుల్లో కొత్త ఊరికి వెళ్తే మనవాళ్లందరం చేసే పని అదే. మన పేర్లు వెతకడం, ముక్కూమొహం తెలియని వాళ్లకు ఫోన్ చేసి భోజనానికి తయారవడం. రావులు లేరు. రెడ్లు లేరు. చౌదరులు లేరు. ఒకే ఒక్క నాయుడు, ముందు 'వి' అన్న అక్షరం.

ఫోనెత్తిన ఆడగొంతు నా తెలుగంతా చివరిదాకా వింది. తర్వాత ఇంగ్లీషులో, ఇంటికి రమ్మని అడ్రసు చెప్పింది.

వసంత నాయుడు గారికి డెబ్బై దగ్గర. పుట్టింది ఫిజీలో. చెరుకు తోటల్లో కూలికని విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కిన తాత పేరు చివరి 'నాయుడు' మిగిలింది గానీ, ఆవిడకు తెలుగు ముక్క రాదు. నిమ్మాకు టీ ఇస్తూ ఆ సంగతి చెబుతుంటే, మా ఆయన నావైపు గెలిచినట్టు చూశాడు. నాకు నీరసం వచ్చేసింది.

ఆవిడ కప్పు కింద పెట్టి, "తెలుగులో కాస్త మాట్లాడతారా? ఏదైనా సరే," అని ఇంగ్లీషులోనే అడిగింది. నాయనమ్మ పోయాక, యాభై అయిదేళ్లుగా, ఎవరి నోటా ఆ భాష వినలేదట.

నాకు ఏడుపొచ్చేసింది. ఆయనే మొదలుపెట్టాడు. ఏం చెప్పాలో తోచక, పొద్దున హైవే మీద దారి తప్పడం, ఇడ్లీలు డబ్బాలో చెమర్చడం, నేను అలగడం, అన్నీ చెప్పాడు. ఆవిడ కళ్లు మూసుకుని వింటూనే ఉంది. ఆయన ఆగితే, "ఇంకా," అని బతిమాలింది. చెంపల మీది తడి తుడుచుకోనైనా లేదు.

వచ్చేటప్పుడు వెనక గది చూపించింది. ఖాళీగానే ఉందట, నేను ఉంటానంటే ఆవిడకు సంతోషమట.

కారెక్కాక ఆయన తాళం తిప్పలేదు.

"నువ్విక్కడ ఒక్కదానివీ ఉండలేవని కాదే," అన్నాడు చివరికి. "నువ్వు లేకుండా ఆ ఫ్లాట్‌లో నేనుండలేను. ఆ మాట చెప్పలేక ఏదేదో వాగాను."

పొద్దుట్నుంచి పెంచుకున్న కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన మీద ప్రేమ ముంచుకొచ్చింది. భయం కూడా.

"మరి మానెయ్యమంటారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "చేరిపో. ఫ్రైడే ఆఫీసు అవగానే రైలెక్కేస్తా. డిసెంబర్ థర్టీఫస్ట్‌న మాత్రం రాలేను. కంప్యూటర్లకు కాపలా."

"ఆ రోజు నేనే వస్తా లెండి, మీకు కాపలా," అన్నాను.