రంగు చూసి పెట్టిన పేరు

నేను ఒక పురుగును. చచ్చిపోయిన పురుగును. ఒక విశ్వవిద్యాలయంలో, కలరా ఉండల వాసన వేసే చెక్కపెట్టెలో, కుడి రెక్కలోంచి సూది దిగి నిలబడి ఉన్నాను. జాలి పడకండి. బతికున్నప్పుడు నేను ఎవరి మీదా జాలి పడలేదు.

నా తల, మెడ రాగి మెరిసే పచ్చ. రెక్కలు ఊదా కలిసిన నీలం. తోక చివర బంగారం. నన్ను చూసినవాళ్ళు ఏ పూలగుత్తిలోనో పుట్టి ఉంటాననుకుంటారు. నేను అరకు అవతలి కొండమీద, గేదె పేడలో పుట్టాను. అందులో ఈగల గుడ్లలోంచి వచ్చిన మెత్తటి పిల్లపురుగుల్ని తిని పెరిగాను. ఇంగ్లీషులో మా కుటుంబాన్ని రోవ్ బీటిల్స్ అంటారు. మా పైరెక్కలు నడుముదాకా కూడా రావు. సగం చొక్కా తొడుక్కున్నట్టున్నానని మనుషులు నవ్వుతారు. ఎగిరే అసలు రెక్కలు ఆ చొక్కా కింద మడిచిపెట్టి ఉన్నాయని వాళ్ళకు తోచదు. కోపమొస్తే తోక పైకెత్తి తేలులా నిలబడతాం. కుట్టడం మాకు రాదు. అయినా నిలబడతాం.

అలా నిలబడే నేను కిల్లో సుభద్రకు దొరికాను. సుభద్ర ఆ కొండమీది పిల్లే. పట్నంలో పురుగుల మీద పరిశోధన చేస్తోంది. సెలవులకు వచ్చి, మేనత్త గేదెలు మేసే చోట పుల్ల పట్టుకుని పేడ కెలుకుతుంటే మేనత్త చూసింది.

"ఏటే సుబద్రా, అంత సదువు సదివింది దీనికేటి?"

"పేడలో బంగారం దొరికింది అత్తా."

"బంగారమైతే అమ్మీ. పురుగైతే ఒగ్గీ."

సుభద్ర నన్ను వదల్లేదు. నేనూ ఊరుకోలేదు, ఆమె బొటనవేలు కొరికాను. చురుక్కుమన్నా చెయ్యి విదిలించలేదు. నన్ను మందు వాసన కొట్టే సీసాలో వేసి మూత పెట్టింది. నా జీవితం అక్కడితో అయిపోయింది. మనుషులతో నా సంబంధం అక్కణ్ణుంచి మొదలైంది.

సుభద్రకు గైడు ఆచార్య నరహరిగారు. పొట్టిరెక్కల పురుగుల గురించి దేశంలో ఎవరికి అనుమానం వచ్చినా ఆయననే అడుగుతారు. నన్ను పెట్టెలో చూడగానే ఆయన కళ్ళద్దాలు కూడా సర్దుకోలేదు.

"ఇది మలయా దేశపు జాతి అమ్మా. ఇదే కొండల్లో నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు పట్టాను. మన దేశంలో ఉందని మొదట రాసింది నేనే."

ఆయన పట్టినవి నా పక్క పెట్టెలోనే ఉన్నాయి. అవీ నాలాగే మెరుస్తున్నాయి. నిజానికి అవి నా వాళ్ళే. వాటన్నిటి కిందా మలయా జాతి పేరు రాసి ఉంది. ఇన్నాళ్ళూ వాటిని ఎవరూ మళ్ళీ పరీక్షించలేదు, ఎందుకంటే చెప్పింది నరహరిగారు.

సుభద్ర సూక్ష్మదర్శిని కింద నన్ను పెట్టి చాలాసేపు చూసింది. మెడమీద సన్నటి గుంటల వరుసలుంటాయి మాకు. మలయా జాతికి అవి తిన్నగా ఉంటాయని పుస్తకం. నావి వంకరగా తిరిగాయి.

"సార్, దీన్ని విప్పి చూస్తాను," అంది.

విప్పడమంటే ఏమిటో చెప్పాలి. మాలో జాతిని తేల్చేది రంగు కాదు. మగపురుగు కడుపులో, తోక దగ్గర, జత కట్టే అవయవం ఒకటుంటుంది. ఒక్కో జాతికి దాని ఆకారం ఒక్కో తీరు. దాన్ని చూడాలంటే ఎండిన ఒంటిని వేడినీళ్ళలో నానబెట్టి, తోక చీల్చి, గసగసాల గింజకన్నా కాస్త పెద్దదాన్ని చెదరకుండా బయటికి తియ్యాలి. ఆ పెట్టెల్లో నేనొక్కడినే మగవాణ్ణి. మిగిలినవన్నీ ఆడవి.

"ఉన్నది ఒక్క మగది. పాడుచేస్తే మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తావు?" అన్నారు నరహరిగారు.

"విప్పకపోతే తెలీదు కదా సార్."

"నేను చెప్తున్నానుగా. ఇంకా తెలియాల్సిందేముంది?"

సుభద్ర తల వంచుకుంది. అంతటితో ఊరుకుంటుందనుకున్నాను. తల ఎత్తి, "రేపు విప్పుతాను సార్. మీరు పక్కనుంటే ధైర్యంగా ఉంటుంది," అంది.

మర్నాడు ఆయన వచ్చారు. దగ్గరికి రాకుండా గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడ్డారు. సుభద్ర స్నేహితురాలు ఫర్హానా దీపం సర్దింది. సుభద్ర సన్నసూదితో నా తోక తెరిచింది. ఒకసారి సూది జారి నా తోక చివరి పట్టీ చిట్లింది. గుమ్మంలోంచి "చెప్పానా?" అని వినబడింది. ఆమె చెయ్యి ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఆ అవయవం చెక్కు చెదరకుండా బయటికి వచ్చింది.

మలయా జాతికి దాని కొస రెండుగా చీలి ఉండాలి. నాది ఒకటే కొస, కొడవలిలా వంగి ఉంది.

నరహరిగారు వచ్చి కూర్చుని కటకంలోకి చూశారు. లేచి వెళ్ళిపోయారు. నాకు సంతోషంగా ఉందని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు. పైకి చూసి ఇచ్చిన పేరును నా కడుపులోంచి కాదన్నాను.

మనుషులు త్వరగా కోలుకుంటారు. రెండు రోజులు గడవకుండానే ఆయన హుషారుగా వచ్చారు.

"మలయాది కాకపోతే ఇది లోకానికే కొత్త జాతి! మా గురువుగారి పేరు పెడదాం. వ్యాసంలో నీ పేరు ముందు వేస్తాను, నాది వెనకాల."

సుభద్ర ముఖం వెలిగింది. కానీ పేరు దగ్గర మాత్రం పట్టుబట్టింది. "గురువుగారి పేరు కాదు సార్, మా కొండ పేరు పెడదాం," అని వాదించి ఒప్పించింది. ఆ సాయంత్రమే మేనత్తకు ఫోను చేసి చెప్పింది. "మన కొండ పేరు అత్తా! ప్రపంచమంతా అలాగే పిలుస్తుంది!" ఫోనులోంచి అత్త నవ్వు ప్రయోగశాల అంతా వినబడింది. "పేడపురుగుకా? సరేలే, మన పేరే కదా!"

కొత్త జాతి అని చెప్పేముందు పాతవాటన్నిటితో పోల్చాలి. సుభద్ర విదేశాల మ్యూజియంలకు రాసి, మా చుట్టాలందరి ఫోటోలూ తెప్పించింది. అందులో ఒకటి బర్మా కొండల్లో ఎప్పుడో దొరికిన పురుగు. నల్లగా, మొద్దులా ఉంది. మెరిసే జాతుల కోసం వెతికేవాళ్ళు దాన్ని దాటిపోతారు. ఒంట్లోంచి ఊరిన నూనె, దాని మీద పేరుకున్న దుమ్ము కలిసి నల్లటి పొరగా పట్టేసింది. దానికి పేరు పెట్టిన మనిషి నల్లపురుగనే రాశాడు. సుభద్ర దాని అవయవం ఫోటో దగ్గరే ఆగిపోయింది. ఒకటే కొస. కొడవలి వంపు. మెడమీద వంకర గుంటలు.

ఫర్హానా పక్కకు వచ్చి చూసింది.

"సుభద్రా, ఆ నల్లదాన్ని ఎవరు చూస్తారే? నూరేళ్ళ నుంచి చూడనివాళ్ళు ఇప్పుడు చూస్తారా? వదిలెయ్."

"అత్తకు చెప్పేశాను ఫర్హానా," అంది సుభద్ర. అని ఏడ్చింది. నా పెట్టెమీద తల పెట్టుకుని, చిన్నపిల్లలా.

తర్వాత ముఖం కడుక్కుని నరహరిగారి గదికి నన్నూ, ఆ ఫోటోలనూ తీసుకుని వెళ్ళింది.

"సార్, ఇది కొత్తది కాదు. దీనికి పేరుంది."

ఆయన చూశారు. "ఆ బొగ్గుముక్కకీ దీనికీ పోలికేమిటమ్మా?"

"రంగు తీసేస్తే ఒకటే సార్."

"పత్రికవాళ్ళకు చెప్పేశాం. నీ థీసిస్ అంతా దీని మీదే నిలబడింది. కొత్తది కాదంటే ఏం మిగుల్తుంది నీకు?"

"అది తెలీదు సార్. కానీ కొత్తదని రాయలేను."

"అయితే నా సంతకం లేకుండా రాసుకో!"

రాసుకుంది. ఆయన పేరు లేకుండా, ఒక్క తన పేరుతోనే. మలయా జాతి ఈ కొండల్లో లేదనీ, ఉన్నది బర్మా జాతి అనీ, అది అసలు నల్లది కాదనీ, పైన పట్టింది నూనె మురికేననీ రాసింది. అందుకు శాస్తి జరిగింది. మరో గైడు దొరికేదాకా థీసిస్ ఆగిపోయింది. ఉపకారవేతనం ఆగిపోయి, ఇంటర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంది. అత్తకు మాత్రం వెంటనే ఫోను చేసింది. "పరాయోళ్ళ పేరున్నదాన్ని మనదంటే సిగ్గుసేటు గదే. మంచిపనే సేసినావు," అంది అత్త.

చివరికి థీసిస్ పరీక్ష నాడు నన్ను బల్లమీద పెట్టారు. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు పుటలు తిప్పుతూ కొంచెం ఎగతాళిగా అడిగాడు. "ఇన్నేళ్ళు పనిచేశారు. ఇంతకీ మీరు కనుక్కున్న కొత్త జాతి ఏది?"

"ఏదీ లేదు సార్. కొత్తది కాదని కనుక్కున్నాను," అంది సుభద్ర.

డిగ్రీ వచ్చింది.

నరహరిగారు ఆ గదికి రాలేదు. పదవీ విరమణకు ముందు ఒక మధ్యాహ్నం మాత్రం ఒంటరిగా మా పెట్టెల దగ్గరికి వచ్చారు. తను కుర్రతనంలో పట్టిన పురుగుల్ని ఒక్కొక్కటే తీసి, మలయా పేరున్న చీటీల్ని తన చేత్తోనే చించి, బర్మా పేరు రాసి గుచ్చారు. గుచ్చేటప్పుడు ఒకదాని కాలు విరిగింది. సుభద్రను పిలవలేదు. క్షమాపణా చెప్పలేదు. పని పూర్తిచేసి, పెట్టెలు మూసి వెళ్ళారు. ఆయన మీద నాకున్న కోపం ఆ పూట కొంత తగ్గింది. మొత్తం పోలేదు.

ఇప్పుడు నా కింద ఒక అట్టముక్క మీద నా కడుపులోంచి తీసిన ఆ కొడవలి అంటించి ఉంది. తోక చిట్లి ఉంది. రంగు మాత్రం అలాగే ఉంది. చూడటానికి వచ్చినవాళ్ళు వంగి, నా చీటీమీది బర్మా పేరును తడుముకుంటూ పైకి చదువుతారు. సుభద్ర అబద్ధమాడకుండా ఉండటానికి ఆ పేరు ఆమెకు కావలసి వచ్చింది. ఆమె కోసమే దాన్ని మోస్తున్నాను. మీరూ కావాలంటే ఆ పేరుతో పిలిచి చూడండి. నేను పలకను.