గొడుగు విప్పినప్పుడు

హిసానో విగ్గు అంచులకు జిగురు రాసి, సుగినో నుదుటిమీద బొటనవేలితో గట్టిగా అదిమింది.

"కదలకయ్యా. ఈ స్టూడియోలో నీ ఆఖరి రోజైనా కుదురుగా కూర్చో."

"చచ్చేవాడి తల ఎలా ఉంటే ఏం?"

"తుడిచేది నేను కదా. ఎప్పుడూ వెల్లకిలానే పడతావు. వెనకంతా మట్టే."

సుగినో నవ్వి, నెరిసిన కనుబొమలకు తనే మసి దిద్దుకున్నాడు. పడీ పడీ మోచేతులు కాయలు కాశాయి. ఎడమ మోకాలు మెట్లెక్కనివ్వడం లేదు. గొడుగులు బాగుచేసేవాడి వేషంలో ఊళ్లు తిరిగే ప్రభువు కథ వాళ్ల టీవీ సీరియల్‌ది. ప్రతివారం భాగం చివర్లో ఆయన గొడుగు విప్పుతాడు. లోపల రాజముద్ర కనిపిస్తుంది. "వీడు దొంగ ప్రభువు, నరకండి" అంటాడు ఆ ఊరి దుర్మార్గుడు. అప్పుడు కత్తి దూసి ప్రభువు మీదికెళ్లి చచ్చే ఆ దుర్మార్గుడి నౌకర్లలో సుగినో ఒకడు. పేరు లేదు, మాట లేదు. భార్య కినుయె బతికున్నన్నాళ్లూ టీవీ ముందు కూర్చుని, "అదుగో, మా ఆయన పోయాడు" అని పక్కింటివాళ్లకు చూపించి మురిసిపోయేది.

సెట్టులో దర్శకుడు యాగి అందరినీ పిలిచాడు. కుర్రవాడు, తొందర మనిషి.

"ఇవాళ పోరాటం లేదు. ప్రభువు వేషం వేసే మికామి గారి భుజం లేవడం లేదు. ఆయన గొడుగు విప్పగానే మీరంతా కత్తులు పడేసి మోకరిల్లాలి. నుదురు నేలకు ఆనాలి."

"నేను మొక్కను," అన్నాడు సుగినో.

"ఏమిటండీ?"

"అన్నం పెట్టిన యజమాని పక్కనే ఉన్నాడు. ఎవరో గొడుగు విప్పితే ఆయన్ని వదిలేస్తానా? చంపండి, చస్తాను."

"మీ పాత్రకు పేరే లేదు సుగినో గారూ. పౌరుషం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"పేరు లేదు. వెన్నుంది."

"అంత కష్టమైతే ఇంటికెళ్లి పడుకోండి."

సుగినో వెళ్లి వరసలో నిలబడ్డాడు. ఒప్పుకున్నాడనుకున్నాడు యాగి.

ఒప్పుకోవడం ఎలా ఉంటుందో సుగినోకు తెలుసు. పందొమ్మిదేళ్లప్పుడు నిషిజిన్‌లో పట్టు నేసే ఇంట్లో పనిచేశాడు. ఎవరో చేసిన తప్పుకు యజమాని అతణ్ణి అందరి ముందూ మోకరిల్లమన్నాడు. మోకరిల్లాడు. ఆ చెక్కనేల చల్లదనం ఈనాటికీ నుదుటిమీద తగులుతూనే ఉంటుంది. ఆ సాయంత్రమే మగ్గం వదిలేసి ఈ స్టూడియోకు వచ్చాడు. ఇక్కడ చంపుతారు గాని వంచరు. అందుకే ఇన్నేళ్లు ఉన్నాడు.

కెమెరా తిరిగింది. ప్రభువు వేషంలో ఉన్న మికామి గొడుగు విప్పాడు. కత్తులన్నీ ఒక్కసారిగా కిందపడ్డాయి, నౌకర్లందరూ నేలకు వంగారు. సుగినో ఒక్కడే నిటారుగా నిలబడి, వెదురుకు వెండి కాగితం చుట్టిన తన కత్తి దూశాడు.

యాగి నోరు తెరిచాడు గాని ఆపమనలేదు. మికామి సుగినోను చూసి, గొడుగు మడిచి పక్కన పెట్టాడు.

"నీ పేరేమిటి?"

ఆ మాట స్క్రిప్టులో లేదు. ఇన్నేళ్లలో ప్రభువు ఏ నౌకరునూ పేరడిగింది లేదు.

"ఈ ఇంటి అన్నం తిన్నవాణ్ణి," అన్నాడు సుగినో. అని, మీదికి దూకాడు.

మికామి భుజం బాధతో వణికినా లేచింది. వేటు పడింది. సుగినో ప్రభువు కళ్లలోకి చూస్తూ, నడుము వంచకుండా వెనక్కి పడి చచ్చిపోయాడు.

"ఇంకోసారి తీద్దాం. ఈసారి అందరూ వంగాలి," అన్నాడు యాగి.

"నా భుజం ఇంకోసారి లేవదు నాయనా," అన్నాడు మికామి. "అతను వంగితే అతని నడుమూ లేవదు. ఉన్నదే ఉంచు."

సుగినో లేచి దుమ్ము దులుపుకున్నాడు. విగ్గు తీసి హిసానో చేతికిచ్చి, "వస్తా" అని, మోకాలు ఈడ్చుకుంటూ గేటు దాటిపోయాడు. వెనక్కి చూడలేదు.

హిసానో తడిగుడ్డ పట్టుకుని విగ్గుల ముందు కూర్చుంది. వరసలో అన్నిటికీ నుదుటివైపే మట్టి. ఒక్కొక్కటే తుడిచి అరలో పెట్టింది. చివరిదాని ముందుభాగం పొద్దున తను అతికించినప్పటిలాగే శుభ్రంగా ఉంది. దాన్ని తుడవకుండా, వెనకనున్న మట్టితోనే పైఅరలో పెట్టింది.