బస్సు ఖాళీ

ఆ ఇంట్లో పెద్దపిల్లను అందరూ లాయరమ్మ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది వాళ్ళ నాన్నే. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ఆ పిల్లకు న్యాయం, అన్యాయం తప్ప వేరే గోల లేదు. తమ్ముడికి ఒక చెంచాడు ఎక్కువ వడ్డిస్తే కంచం ముందే పంచాయితీ పెట్టేది. అయిదేళ్ళప్పుడు ఆమెకు తప్పంటే దెబ్బలు పడే పని. పదేళ్ళు వచ్చేసరికి తప్పంటే రూలు మీరడం; పక్కింటివాళ్ళు చెత్త ఎక్కడ పోస్తున్నారో కూడా ఆమెకే కావాలి. పదిహేను నిండేసరికి లోకంలో మనుషులు రెండే రకాలుగా మిగిలారు, నిజం చెప్పేవాళ్ళూ చెప్పనివాళ్ళూ. తను ఏ రకమో ఆమెకు ఎన్నడూ అనుమానం రాలేదు. ఆ వయసులో ఎవరికి వస్తుంది గనక!

నాన్న ఆమె చదివే బడిలోనే బస్సు డ్రైవరు. పిల్లలందరూ దిగాక బస్సు చివరిదాకా నడిచి, ప్రతి సీటూ వంగి చూసి, వెనక అద్దానికి ఉన్న కొక్కేనికి ‘బస్సు ఖాళీ’ అన్న బోర్డు తగిలించాలి. అది ఆ బడి పద్ధతి. బోర్డు పెట్టాలంటే వెనకదాకా నడవక తప్పదు, నడిస్తే పిల్లలు ఎవరైనా మిగిలిపోయారేమో కనపడక తప్పదు. ఎవరో బుర్ర పెట్టే ఆలోచించారు. ఇదివరకు ఆ పని ఆయాది. ఆయా మానేశాక, కొత్త మనిషి వచ్చేదాకా డ్రైవర్నే చూడమన్నారు. ఆయనకేమో మోకాళ్ళు పట్టేస్తాయి, వంగితే లేవడం కష్టం. అందుకని, “నువ్వు వెనకే కూర్చుంటావు కదమ్మా, కాస్త చూసి బోర్డు పెట్టెయ్” అని కూతురికి అప్పజెప్పాడు. తన కూతురి మీద ఆయనకు అంత నమ్మకం. బోర్డు కనపడితే చాలు, బస్సుకు తాళం వేసేసేవాడు.

కొన్నాళ్ళు లాయరమ్మ ఆ పని ప్రాణం పెట్టి చేసింది. సీట్ల కింద దొరికిన పెన్సిళ్ళూ రిబ్బన్లూ పోగేసి ఎవరివి వాళ్ళకు ఇచ్చేది. తర్వాత ఒక రోజు మొదటి గంటకే పరీక్ష ఉండి, బస్సు గేటు దగ్గర మలుపు తిరుగుతుండగానే బోర్డు తగిలించేసి, స్నేహితురాళ్ళతో పాటు దిగిపోయింది. ఎలాగూ వెనక సీట్లోనే ఉంది, చెయ్యి చాపితే కొక్కెం. మర్నాడు పరీక్ష ఏమీ లేదు. నిన్న ఏమీ కాలేదు కదా అని మళ్ళీ అలాగే చేసింది. తప్పులన్నీ అంతే. మొదటిదానికి కారణం ఉంటుంది, రెండోదానికి మొదటిదే కారణం. ఆ తర్వాత కారణం ఎవడూ అడగడు.

ఆ బస్సులో ఒక చిన్నవాడు ఉండేవాడు. బడిలో చేరి ఏడాది కాలేదు. ఎక్కగానే నిద్రపోతాడని వాణ్ణి అందరూ నిద్రమొహం అని ఏడిపించేవాళ్ళు. ఒకరోజు పొద్దున వాడు నిద్రలోనే సీటు మీంచి కిందికి జారి, సంచీ మీద తల పెట్టుకుని అక్కడే పడుకుండిపోయాడు. పిల్లలు తోసుకుంటూ దిగిపోయారు. బోర్డు వెనక అద్దంలో వేలాడుతోంది. డ్రైవరు అది చూసి, తాళం వేసి, బస్సును ఎండలో వదిలేసి వెళ్ళాడు. వాడు రాలేదనుకుని క్లాసు టీచరు ఊరుకుంది. మధ్యాహ్నం బెల్లు కొట్టాక అటుగా వెళ్ళిన వాచ్‌మన్ బస్సు అద్దానికి ఒక చిన్న అరచెయ్యి ఆనుకుని ఉండటం చూశాడు.

వాడు బతికాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి కూడా వచ్చాడు. కానీ మాట్లాడటం మానేశాడు. ఎవరైనా తలుపు వేస్తే వణికిపోతున్నాడట.

ఆ సంగతి తెలిసిన నాటి సాయంత్రం ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుంది గాని మిషను తొక్కడం లేదు. నాన్న గోడకు ఆనుకుని కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటున్నాడు. లాయరమ్మకు ఏడుపు కూడా రావడం లేదు.

“నేనే చూశానని బడిలో చెప్పాను” అన్నాడు నాన్న. “వాడు సీటు కిందున్నాడు, కనపడలేదన్నాను. నిన్నెవరైనా అడిగితే నీకేం తెలీదను.”

“అది అబద్ధం కదా నాన్నా.”

“అబద్ధమే.”

ఆ ఒక్క మాటతో ఆమె కాళ్ళ కింద నేల కదిలిపోయింది. నాన్న అబద్ధం చెప్పగలడని ఆమెకు తెలీదు. అంతకన్నా, ఇంత మామూలుగా చెప్పగలడని తెలీదు.

“నేను వెళ్ళి చెప్పేస్తాను. బోర్డు పెట్టింది నేను. మీకెందుకు శిక్ష?”

అప్పుడు అమ్మ నోరు విప్పింది. “చెప్పు. చెప్తే ఏమవుతుందో కూడా విను. చూశాడు, కనపడలేదు అంటే పొరపాటు. ఉద్యోగం తీసేసి ఊరుకుంటారు. అసలు చూడనే లేదు, చూడాల్సిన పని చిన్నపిల్ల నెత్తిన పెట్టాడు అంటే అది నేరం. లైసెన్సు పోతుంది. ఆయనకు ఇంకో పని రాదు. అది తెలిసే చెప్తావా?”

అన్నింటికీ తీర్పు చెప్పే పిల్ల, మొదటిసారి తనే బోనులో నిలబడింది.

“నీ గుండె బరువు దించుకోవడానికి ఆయన మీద ఇంకో బరువు వేస్తావన్నమాట” అంది అమ్మ. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది. అందుకే అది ఇంకా లోపలికి దిగింది.

వారమంతా లాయరమ్మ ఆ మాటతోనే కొట్లాడింది. నిజం చెప్పాలి. సరే. ఎవరికోసం? ఆ పసివాడికి దానివల్ల మాట రాదు. నాన్నకు ఉన్నది కూడా పోతుంది. బాగుపడేది తనొక్కతే. మరి చెప్పకపోతే? నాన్న చెయ్యని తప్పు నాన్న మొహం మీద ఉంటుంది, తను మంచిపిల్లలాగే తిరుగుతుంది. క్లాసులో టీచరు ఆమెను చూసి జాలిపడి పక్కన కూర్చోబెట్టుకుంది. పాపం, డ్రైవరు కూతురు అని. ఆ జాలి ఆమెకు చీదరగా తోచింది. తను మంచి కోసం ఆలోచిస్తోందో, మోయలేక ఆలోచిస్తోందో ఆమెకే తెలీలేదు. ఇప్పటికీ తెలీదు.

హెడ్‌మిస్ట్రెస్ గదిలో విచారణ పెట్టిన రోజున లాయరమ్మ క్లాసులోంచి లేచి తిన్నగా అక్కడికి వెళ్ళింది. లోపల నాన్న చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ పిల్లవాడి తల్లి కుర్చీలో కూర్చుని ఉంది. నిద్రలేక ఆమె కళ్ళ కింద నల్లబడి ఉంది.

“ఆ రోజు బోర్డు పెట్టింది నేను మేడమ్. నాన్న కాదు” అంది లాయరమ్మ.

నాన్న మొహం పాలిపోయింది. “అబద్ధం చెప్తోంది మేడమ్. నా మీద ప్రేమకొద్దీ చెప్తోంది. పట్టించుకోకండి.”

పుట్టి బుద్ధెరిగాక నాన్న ఆమెను అబద్ధాలకోరు అనడం అదే మొదలు. అదీ ఆమె నిజం చెప్పినప్పుడు.

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “తండ్రిని కాపాడుకోవాలనుకున్నావు. మంచిపిల్లవి తల్లీ. ఇక క్లాసుకు వెళ్ళు” అంది.

లాయరమ్మ ఇక వెళ్ళిపోవచ్చు. చెప్పాల్సింది చెప్పింది, ఎవరూ నమ్మలేదు, తన తప్పేముంది అని చేతులు దులుపుకోవచ్చు. ఒక్క క్షణం ఆ ఆశ కలిగింది కూడా. గుమ్మం దాకా వెళ్ళింది.

“ఆగు” అంది ఆ తల్లి. “మీ నాన్న సీటు సీటూ చూశానంటున్నారు. నువ్వు చూశావా?”

“లేదాంటీ. చూడలేదు. బస్సు గేటు దగ్గర తిరుగుతుండగానే బోర్డు పెట్టేశాను. చాలా రోజులుగా అలాగే పెడుతున్నాను.”

ఆ తల్లి ఆమెను కింద నుంచి పైదాకా చూసింది.

“బోర్డక్కవి నువ్వేనా?” అంది మెల్లగా. “మావాడు ఇంట్లో కుర్చీలన్నీ వరసగా పెట్టి, చివరి కుర్చీకి అట్టముక్క తగిలించి ఆడుకునేవాడు. ‘నేను బోర్డక్కని’ అనేవాడు. నాకేం అర్థమయ్యేది కాదు.”

హెడ్‌మిస్ట్రెస్ డ్రైవరు వైపు తిరిగింది. “నిజమేనా? ఆ పని పిల్లతో చేయించావా?”

ఆయన నేల చూశాడు. అదే ఒప్పుకోలు. “అయితే ఉద్యోగంతో తేలేది కాదిది. రవాణా ఆఫీసుకు రాయాలి” అంది హెడ్‌మిస్ట్రెస్.

“నన్ను క్షమించండి ఆంటీ” అంది లాయరమ్మ. ఇన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఆ తల్లి కుర్చీలోంచి లేచింది. చెయ్యి ఎత్తబోయి ఆగింది. కొట్టడానికో నిమరడానికో ఆమెకూ తెలిసినట్టు లేదు.

“ఇన్నాళ్ళూ రోజూ మీ నాన్నను తిట్టుకునేదాన్ని. అదొక్కటే నాకు ఊరట. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నీ మొహం కనపడుతుంది. నువ్వూ పిల్లవే. నిన్ను తిట్టడానికి నోరు రాదు, క్షమించడానికి మనసు రాదు. ఏం చెయ్యమంటావు నన్ను?” అని, జవాబు కోసం చూడకుండా వెళ్ళిపోయింది.

బయట వరండా మెట్ల మీద నాన్న కూర్చుని ఉన్నాడు. లాయరమ్మ వెళ్ళి ఎదురుగా నిలబడింది.

“తిట్టండి నాన్నా.”

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. “ఏమని తిట్టను? ఇన్నేళ్ళూ నీకు చెప్పిందంతా అబద్ధం ఆడొద్దనే కదా” అన్నాడు.

మోకాలు పట్టుకుని లేచాడు. ఆమె చెయ్యి అందివ్వబోయింది. ఆయన చూడనట్టే గోడ పట్టుకుని మెట్లు దిగి, గేటు వైపు ఒక్కడే నడిచాడు. ఎప్పుడూ కూతురి కోసం ఆగి నడిచే మనిషి ఆ రోజు ఆగలేదు.