డెబోరా లాగౌట్ కాలేదు

ఇంకా ఉంది, పేరు ఇంకా ఉంది, లోపల ఎవరెవరున్నారని యునిక్స్ సర్వర్‌ని అడిగితే నేనొకణ్ణి, డెబోరా ఒకతి, నలభై రెండు రోజులుగా ఒక్క మీటా నొక్కని డెబోరా, ఆ శనివారం లాగౌట్ చేయకుండానే క్యారియర్ పట్టుకుని వెళ్లిపోయింది, సోమవారం ఖనిజం లారీలు తూచే మా కాటా ఆఫీసుకు తాళం పడింది, ఉద్యోగాలు పోయాయి, శనివారం శనివారం ఆర్పే సర్వర్‌ని ఆ శనివారం నుంచే నేను ఆర్పలేదు, లెక్కలు టేపులకెక్కించే పని మిగిలిందని మేనేజరు వెంకట్రావుకు అబద్ధం చెప్తూ వచ్చాను, ఆ పేరు ఒక్కటి తెర మీద ఉంటే చాలనిపించేది, ఇవాళ ఆయన ఫోన్, ఏంది కెన్నెత్, ఇంకా ఆర్పలేదా, సర్వర్ కొన్నోళ్లు ఒంటిగంటకు వస్తాండారు.

ఆర్పడానికి వరస ఉంది, ముందు మనుషులు, తర్వాత డేటాబేసు, తర్వాత సర్వర్, చివర డిస్కుల పెట్టె, లేపేటప్పుడు తలకిందులు, డిస్కులు ముందు లేవకపోతే సర్వర్ కళ్లు తెరిచి తన సామాను కనపడక బిక్కచచ్చిపోతుంది, గని దుమ్ము పడకూడదని చెప్పులు బయట విడిచి వచ్చేవాణ్ణి, పాస్టరయ్య గూడా ఇంత భక్తిగా రాడు కదప్పా అని నవ్వేది డెబోరా, ఆ పాస్టరయ్యే రెండు ఆదివారాలుగా చర్చిలో చదువుతున్నాడు, మన సంఘపు డెబోరాకు గుంతకల్లు ఆల్విన్‌తో పెండ్లి నిశ్చయమైనది, ఎవరికైనా అభ్యంతరముంటే తెలపవలెను, రేపు మూడోసారి, ఆఖరిసారి, రెండుసార్లూ పాటల పుస్తకంలో తల దూర్చి కూర్చున్నాను, రైల్వేలో పనట, మంచివాడట, నాకేం అభ్యంతరం, నాకు ఆమె కావాలి, అది చెప్పుకునే చోటు ఆ ప్రకటనలో ఎక్కడుంది.

సరే, ఆమెను బయటికి పంపాలి, పంపేముందు ఒక్కసారి ఆమె ఎక్కించిన తూకాలు చూద్దాం, ఏ లారీ దగ్గర ఆపిందో, కప్పగల్లు దాకా లారీలు బారులు తీరిన రోజుల్లో ఆ వేళ్లు ఆగేవి కావు, ఇదిగో చివరి లారీ, తేదీ ఏంది ఇది, కోర్టు గనులు ఆపమన్న రోజు, ఆ తర్వాత ఒక్కటీ లేదు, తాళం పడేదాకా నెల రోజులు ఖాళీ, ఖాళీ ఎలా, పాత నిల్వల లారీలు వస్తూనే ఉన్నాయనుకున్నానే, ఆ నెలలో నాలుగు శనివారాలు పది నిమిషాల్లో ఆపుతున్నాను బయటికి రండి అని అందరి తెరలకూ పంపితే అందరూ లేచిపోయారు, పక్క గదిలోంచి ఆమె ఒక్కతే, స్వల్ప ఉండప్పా, ఇంకొక లారీ ఉండాది, నేను బుద్ధిగా గడియారం చూస్తూ కూర్చున్నాను, ఆమె వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, ఏమన్నా చెప్పాల్నా కెన్నెత్ అంటే, లాగౌట్ చేసినావా అని అడిగాను, దద్దమ్మని, అదొక్కటే అడిగాను.

ఒంటిగంట కావస్తోంది, పేరు తీసేశాను, డేటాబేసు ఆగింది, సర్వర్ ఆగింది, ఫ్యాన్ల హోరు తగ్గి తగ్గి ఆగింది, డిస్కుల దీపాలు ఆరాయి, ఇన్నాళ్లూ ఆమెకు నా మీద ఏమీ లేదనుకుని ఓర్చుకున్నాను, ఇప్పుడు ఆ ఓదార్పు కూడా లేదు, రానేరాని లారీ కోసం ఎవరు కూర్చుంటారు, నాలుగు శనివారాలు డెబోరా నేను అడుగుతానని కూర్చుంది.