ఉమ్మి కాదు, గళ్ళ

నేను ఒక మైక్రోస్కోపును. ప్రస్తుతం గుంటూరులో ఒక క్యాన్సర్ ఆసుపత్రి వెనక, పాత సామాను గదిలో, చక్రం ఊడిన స్ట్రెచరు పక్కన పడి ఉన్నాను. అద్దాలకు బూజు పట్టిందని నన్ను తీసి పారేశారు. ఇతరుల బూజు పట్టుకోవడమే నా పనిగా బతికిన రోజుల సంగతి చెబుతాను, వినండి.

పుట్టింది అంబాలాలో. మొదట ఒక కాలేజీకి చేరాను. అక్కడి పిల్లలు నాలోకి తొంగిచూసి, పక్కవాడి బొమ్మ చూసి గీసేవారు. మనుషులకు కళ్ళకేం లోటు లేదు, చూసే ఓపికే తక్కువ. తర్వాత ఈ ఆసుపత్రివాళ్ళు కొని, ల్యాబులో హైమావతి చేతికి అప్పగించారు. నాదీ ఒక లోపం ఉంది. కింద ఏది పెడితే అదే చూపిస్తాను.

ఏసోబు మిర్చి యార్డులో బస్తాలు మోసిన మనిషి. ఊపిరితిత్తుల క్యాన్సరు. మందులకు గడ్డ కాస్త తగ్గిందని సంబరపడేలోగా జ్వరం పట్టుకుంది, ఎక్స్‌రేలో కొత్త మచ్చ కనపడింది. అది క్యాన్సరే అయితే ఇక చేసేదేమీ లేదు. బూజు అయితే మందుంది. క్యాన్సరు మందులతో ఒంట్లో సత్తువ ఉడిగినప్పుడు, మీరంతా పీల్చే గాలిలోని బూజే ఊపిరితిత్తుల్లో పాతుకుపోతుంది. ఆ రెంటిలో ఏదో తేల్చే పని నా మీద పడింది.

నర్సు డబ్బా ఇచ్చి, "పొద్దున్నే ఉమ్మి పట్టి ఇవ్వండి" అంది. ఇచ్చారు. ఏమీ కనపడలేదు. మళ్ళీ ఇచ్చారు. మళ్ళీ అంతే. నీళ్ళలాంటి ఉమ్మిలో ఏముంటుంది, నా మొహం! మరీ పలచగా ఉందని హైమావతికి అనుమానం రాకపోలేదు గాని, చూడాల్సినవి ఇంకా బోలెడున్నాయి. బూజు లేదని రాసి పంపింది. పెద్ద డాక్టరు ఆ మచ్చను క్యాన్సరు కిందే జమకట్టి, ఇంటికి తీసుకెళ్ళమన్నాడు.

గేటు దగ్గర ఆటో ఎక్కబోతూ ఏసోబు దగ్గి గోడవార ఉమ్మాడు. గోధుమరంగు కఫం ముద్ద, మీద నెత్తుటి చార. అటుగా వస్తున్న డాక్టర్ సుహాసిని అది చూసి ఆగిపోయింది.

"ఇది డబ్బాలో ఎందుకు వెయ్యలేదమ్మా?"

ఏసోబు భార్య మార్తమ్మ తెల్లబోయింది. "అయ్యో, అది గళ్ళ గదండీ! పెద్దోళ్ళు చూసేదాంట్లో గళ్ళ ఎట్టా ఏత్తాం? ఉమ్మి తెమ్మన్నారు. నోరు శుభ్రంగా పుక్కిలించి మరీ ఇప్పించా."

డాక్టరమ్మ అక్కడికక్కడే వాళ్ళను వెనక్కి తీసుకొచ్చింది. ఈసారి నా కిందికి గళ్ళ వచ్చింది. కొమ్మలు కొమ్మలుగా చీలిన దారాలు, నిండా బూజే. కడుపంటూ లేకపోయినా నాకు కడుపు మండిపోయింది.

మందు ఎక్కించారు. అప్పటికే బూజు రెండో పక్కకూ పాకింది. రేపు కూడా గళ్ళ పట్టి ఇమ్మని డాక్టరమ్మ చెప్పింది. తెల్లవారాక ఏసోబు పోయాడు.

ఆ మధ్యాహ్నం మార్తమ్మ ల్యాబుకు వచ్చింది. చేతిలో డబ్బా.

"డాక్టరమ్మ చెప్పినట్టే పట్టానమ్మా. పోయే ముందు దగ్గాడు. ఉమ్మి కలవనియ్యలా. చూడు."

చనిపోయినవాళ్ళ డబ్బాలు పారబోయాలని రూలు. హైమావతి గాజుపలక మీద ఆ గళ్ళ పూసి నా కింద పెట్టింది. చాలాసేపు చూసింది.

"ఈసారి సరిగ్గా ఇచ్చాడా అమ్మా?"

"సరిగ్గానే ఇచ్చాడు పిన్నీ" అంది హైమావతి, నా మీంచి కళ్ళు తీయకుండానే.