రెండో జడ

మా ఆయన మల్లన్నకు, పక్కింటి ఈశ్వరయ్యకు ఒకటే మగ్గం. గద్వాల చీరకు అంచు పట్టు, నడుమ నూలు. రెండూ కలిపి నేయాలంటే ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఆ ఇద్దరిలో ఒకడు కవి అయితే రెండోవాడి తిప్పలు దేవుడికే ఎరుక. పాదం కుదరకపోతే ఈశ్వరయ్య పోగు నడిపే నాడె చేతిలో పట్టుకుని కప్పు వంక చూస్తూ ఉండిపోయేవాడు. "ఓ కవీ, జర కిందికి దిగు!" అని మా ఆయన అరిచేవాడు.

పద్యాలు వినిపించడానికి పండితులు గద్వాల సంస్థానం కోటకు వచ్చిన రోజుల్లో ఈశ్వరయ్య గుమ్మం దాకా పోయి, లోపలికి పోవడానికి జంకి, వినబడినంత విని వచ్చేవాడు. ఆ జంకుతోనే, ఎవరికీ చెప్పకుండా, హైదరాబాదులో ఒక పత్రికకు గేయం రాసి పంపాడట.

జర్మనీతో రెండో యుద్ధం మొదలైన మరుసటి ఏడు ఎండాకాలంలో ఆ పత్రిక వచ్చింది. ఈశ్వరయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. పంచె కొంగు నేల ఊడుస్తున్నా సోయి లేదు.

"అచ్చయిందిరా మల్లన్నా! నా పేరు గూడ ఏసిండ్రు!"

మా ఆయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి కావలించుకున్నాడు. ఎదురింటి కురుమూర్తి పుట్నాలు, బెల్లం తెచ్చాడు. "ఇగ మనోడు కోటల కూసుంటడు. మనల్ని గుర్తువడతడో లేదో!" అని ఆటపట్టించాడు. ఈశ్వరయ్య నవ్వుతుంటే నాకూ సంతోషమే, అబద్ధమెందుకు? రెండేళ్ళుగా ఆ మొహాన నవ్వు లేదు. అతని ఒక్కగానొక్క బిడ్డ, చిన్నారి జములమ్మ, ఒళ్ళంతా అమ్మవారు పోసి చనిపోయింది.

నేను, ఈశ్వరయ్య భార్య రుక్కమ్మ వాకిట్లో నూలు కండెలు చుడుతున్నాం. "సదువు, సదువు" అని వాళ్ళు గోల చేస్తే ఈశ్వరయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క జడ అల్లితినే, రెండో జడకు ఆగకపోతివే..."

రుక్కమ్మ చేతిలో రాట్నం ఆగిపోయింది.

ఆ మాటలు నేను విన్నవే, రుక్కమ్మవి. మా వాడలో ఆడవాళ్ళు చావు దగ్గర ఊరికే ఏడవరు. పోయినవాళ్ళను పేరుపెట్టి పిలిచి, మాటలు కట్టి శోకం పెడతారు. జడ వేస్తుంటే బిడ్డ ఒళ్ళు కాలిపోతోందని రుక్కమ్మ పడుకోబెట్టింది. పిల్ల మళ్ళీ లేవలేదు. శవాన్ని ఒళ్ళో పెట్టుకుని రుక్కమ్మ ఆ మాటలన్నీ చెప్పుకుంది. ఈశ్వరయ్య గోడకు ఆనుకుని విన్నాడు. విన్నవాడు విన్నట్టు ఊరుకోవచ్చు కదా! అన్నీ తెచ్చి వరసలో పెట్టి, కింద తన పేరు పెట్టుకున్నాడు.

లోపల కురుమూర్తి కళ్ళు తుడుచుకుంటున్నాడు. "ఏం రాసినవురా! రాళ్లు గూడ కరుగుతయ్."

రుక్కమ్మ లేచి పోయి గడప దగ్గర నిలబడింది.

"అవి నీకు చెప్పిన మాటలా?" అని మొగుణ్ణి అడిగింది. అరవలేదు.

ఈశ్వరయ్య నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. "గవి పోవద్దనే కదనే రాసిన. ఇప్పుడు లోకమంత సదువుతది."

"లోకానికెందుకు? నా బిడ్డకు చెప్పుకున్న. దాని చెవుల చెప్పుకున్న."

అప్పుడు తెలిసివచ్చినట్టుంది అతనికి. "అది నాకు బిడ్డ కాదా? ఆడోళ్లు మీరు నోరార ఏడుస్తరు. నేనెట్ల ఏడ్వాలె, చెప్పు?"

అప్పటిదాకా అతని మీద పట్టరాని కోపంతో ఉన్న నాకు, ఆ మాటకు జాలి కూడా వేసింది. రుక్కమ్మకు వేయలేదు.

"నీ ఏడుపు నువ్వు ఏడ్వు. నాది ఎందుకు తీసుకున్నవ్?" అని వచ్చి రాట్నం ముందు కూర్చుంది. పుట్నాలు ఎవరూ ముట్టలేదు.

ఆనాటి నుంచి రుక్కమ్మ బిడ్డ పేరెత్తి ఏడవలేదు. వండింది, పెట్టింది, కండెలు చుట్టింది. "గా పత్రిక కాలవెడతనే" అని ఈశ్వరయ్య బతిమాలితే, "కాలవెడితే నా మాటలు నాకొస్తయా?" అంది.

వానలు పడ్డాక ఆత్మకూరులో రుక్కమ్మ తల్లి కాలం చేసింది. మేము నలుగురం బండి కట్టుకుని పోయాం. రుక్కమ్మ, తల్లి కాళ్ళ దగ్గర కొయ్యబారి కూర్చుంది. ముసలమ్మలు వీపు నిమిరారు. "ఏడువు బిడ్డా, గుండె పలుగుతది." ఆమె నోరు తెరుస్తుంది, గడప వంక చూస్తుంది, మూసేస్తుంది. గడప అవతల ఈశ్వరయ్య నిలబడి ఉన్నాడు.

చివరికి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఆయన్ను జర దూరం పొమ్మను. ఇనపడనంత దూరం."

అత్త శవం ఇంట్లో ఉండగా అల్లుణ్ణి పొమ్మనడం ఎక్కడైనా ఉందా? అయినా పోయి చెప్పాను. అతను తల వంచుకుని ఊరి బయటికి నడిచాడు. నేనూ వెంట పోయాను. జొన్నచేను గట్టు మీద ఆగి నా వైపు తిరిగాడు.

"ఈడికి ఇనపడుతదా వదినా?"

"ఇనపడుతది" అన్నాను.

ఇంకా ముందుకు పోయాడు. చేను దాటి, వాగు దాటి, మనిషి ఆనవాలు తెలియనంత దూరం పోయాక నేను ఇంట్లోకి వచ్చి తల ఊపాను.

రుక్కమ్మ, తల్లి కాళ్ళ మీద పడి గొంతెత్తింది. తల్లికి ఏమేమి చెప్పుకుందో, బిడ్డకు ఏమని కబురు పంపిందో అంతా విన్నాను. అది మాత్రం చెప్పను.