సువర్చల చెవుల మీద

నేను ఒక హెడ్‌ఫోన్‌ను. నల్లటి వంపు పట్టీ, దాని రెండు చివరలా మెత్తటి గిన్నెలు. బయటి మోత వినపడకుండా చేస్తానని నా అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో రాశారు. అది నిజమే గాని, అందులో ఒక తమాషా ఉంది. మోతను కొట్టేయాలంటే ముందు దాన్ని నేను వినాలి. అందుకని నా ఒంటి నిండా చిన్న చిన్న మైకులు అమర్చారు. అమర్చింది ఫ్యాక్టరీ షెడ్డులో నీలం కోటు వేసుకున్న ఒక అమ్మాయి. చుట్టూ యంత్రాల హోరు, ఆమె చెవుల్లో దూది. పనిచేస్తున్నానో లేదో చూడటానికి కాసేపు నన్ను తలకు పెట్టుకుని, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అనుకుంది. తర్వాత తీసి పెట్టెలో పెట్టింది. ఆ షెడ్డులో నా అవసరం ఆమెకున్నంతగా ఇంకెక్కడా ఎవరికీ ఉండదు. కాని నేను తయారైంది ఆమె కోసం కాదు.

నన్ను కొన్నది సువర్చల. రాజమండ్రి వైపు మనిషి, హైదరాబాదులో ఉద్యోగం. భర్త దుకాణం మూతపడ్డాక ఇంటికి జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. ఆసుపత్రి బిల్లులకు బీమా సొమ్ము ఇవ్వాలా వద్దా అని తేల్చే ఆఫీసు ఆమెది. గోడలు లేని పెద్ద హాలు. ఒకవైపు ఏసీ రొద, ఇంకోవైపు ప్రింటరు గోల, ఎవరిదో పుట్టినరోజని చప్పట్లు, ఎవరో ఫోనులో కేకలు. డాక్టర్లు రాసిన కాగితాలు చదివి లెక్క తేల్చాల్సిన మనిషికి సాయంత్రానికి తల పగిలిపోయేది.

అన్నిటికంటే పెద్ద గొంతు పక్క సీటు స్వరూపది. జనగామ పిల్ల. ఆసుపత్రులకు ఫోన్ చేసి వివరాలు రాబట్టి ఫైలు తేల్చడం ఆమె పని. ఆమె మాట్లాడితే అవతలివాళ్లకు ఫోను అక్కర్లేదని ఆఫీసులో నవ్వుకునేవారు. చిత్రం ఏమిటంటే, నన్ను కొనడానికి సువర్చలకు తోడు వచ్చింది కూడా స్వరూపే.

"నా నోరు మూయించే మిషను నేనే సూపిస్త పా అక్కా" అని చెయ్యి పట్టుకుని షాపుకు లాక్కొచ్చింది.

సువర్చల చాలా చూసింది. చెవి రంధ్రంలో దూర్చుకునే బుడిపెలు నొప్పి పుట్టించాయి. చెవి మీద ఊరికే ఆనే రకం పెట్టుకుంటే వీధిలో హారన్లన్నీ వినిపించాయి. చెవి మొత్తాన్ని కప్పేవి కొన్ని బరువుగా ఉండి మెడ లాగాయి. చివరికి నన్ను పెట్టుకుంది. మీట నొక్కగానే షాపు ఫ్యాన్ల మోత, బయటి బస్సుల రొద ఒక్కసారిగా అణిగిపోయాయి. ఆమె భుజాలు దిగడం, దవడ వదులవడం నాకు తెలిసింది. కళ్లు మూసుకుంది.

స్వరూప షాపు గుమ్మం దాకా వెళ్లి, "సువర్చలక్కా! ఇనబడుతున్ననా?" అని అరిచింది.

సువర్చల కళ్లు తెరిచి నవ్వింది. "వినపడుతున్నావే తల్లీ! ఇది కూడా నీకు లొంగలేదు."

"మనిషి మాట పూర్తిగా పోదు మేడం" అన్నాడు షాపతను. "ఒకే తీరుగా మోగే హోరు పోతుంది. మాటలు కూడా వినపడకూడదంటే పైన పాటలు పెట్టుకోవాలి."

సువర్చలకు పాటలు అలవాటు లేదు. ఆ హోరు పోతే చాలనుకుని నన్నే తీసుకుంది.

కొన్ని నెలలు మా రోజులు బాగానే నడిచాయి. మధ్యాహ్నం స్వరూప నా ఎడమ గిన్నె మీద వేలితో టకటక కొట్టేది. అది అన్నానికి పిలుపు. సువర్చల తెచ్చిన పప్పుచారు, స్వరూప తెచ్చిన సర్వపిండి చెరిసగం. నన్ను మెడలో వేసుకుని సువర్చల తినేది, నేను ఇద్దరి కబుర్లూ వినేదాన్ని.

ఒకనాడు వాళ్ల టీమ్ లీడరు ఫణీంద్ర స్వరూప సీటు దగ్గరికి వచ్చాడు. చేతిలో యాదయ్య అనే లారీ డ్రైవరు ఫైలు. గుండె ఆపరేషన్ అయి ఆసుపత్రిలోనే ఉన్నాడు, బిల్లు కట్టందే ఇంటికి పంపేది లేదంటున్నారు.

"ఇది కొట్టెయ్యి స్వరూపా. పాత జబ్బు దాచాడని రాసి పంపు."

"కాయితాలన్నీ సక్కగున్నయి సార్. పాత జబ్బు ఏడుంది? డాక్టరుతోటి నేనే మాట్లాడిన."

"ఈ నెల మనం అన్నీ ఇచ్చుకుంటూ పోతున్నామని పైనుంచి తిడుతున్నారు. నా మాట మీద రాయి. ఏదన్నా వస్తే నేను చూసుకుంటా."

ఏసీ రొదను నేను శుభ్రంగా తుడిచేశాను. ఆ నిశ్శబ్దంలో ఆ మాటలు ఇంకా స్పష్టంగా సువర్చల చెవుల్లో పడ్డాయి. ఆమె వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. స్వరూప ఇటు తిరిగి ఆమెను చూసింది, ఏం చేయమంటావన్నట్టు. సువర్చల తన తెరలోకే చూస్తూ ఉండిపోయింది. స్వరూప ఆ ఫైలు కొట్టేసింది.

యాదయ్య కూతురు ఊరుకునే మనిషి కాదు. కంపెనీ పెద్దల దాకా వెళ్లింది, పత్రికలవాళ్లను కలిసింది. ఎవరు కొట్టేశారని పైనుంచి అడిగితే ఫణీంద్ర, "ఆ అమ్మాయే సొంతంగా చేసింది, నాకు తెలియదు" అన్నాడు. స్వరూప బెదరలేదు. "సార్ చెప్పంగ సువర్చలక్క ఇన్నది. అడగుండ్రి" అంది. అంత ధీమాగా ఎవరి పేరైనా చెప్పడం నేను మళ్లీ వినలేదు.

విచారణకు ముందు రోజు క్యాంటీన్లో ఫణీంద్ర టీ కప్పుతో వచ్చి సువర్చల ఎదురుగా కూర్చున్నాడు.

"మనుషుల్ని తగ్గిస్తున్నారటండీ ఈసారి. ఉంచాల్సినవాళ్లలో మీ పేరు నేను గట్టిగా చెప్పాను, మీరేం కంగారు పడకండి." నా వైపు చూసి నవ్వాడు. "అయినా మీరు ఎప్పుడూ ఇవి పెట్టుకునే ఉంటారు కదా. మీకేం వినపడుతుంది లెండి."

అంతే అన్నాడు. బెదిరింపు లేదు, బతిమాలుకోవడం లేదు. చెప్పాల్సిన మాటను వండి వడ్డించి పోయాడు. సువర్చల టీ తాగలేదు. నన్ను మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి, నేనేదో కొత్త వస్తువునైనట్టు చాలాసేపు చూసింది.

విచారణ గాజు గదిలో జరిగింది. కంపెనీ పై ఆఫీసు నుంచి వచ్చిన అరుంధతి మేడం పెద్దావిడ, మర్యాదస్తురాలు. ఒకవైపు ఫణీంద్ర, ఒకవైపు స్వరూప.

"చెప్పండి సువర్చలగారూ. ఆయన చెప్పడం మీరు విన్నారా?"

"నేను... నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నానండి. నాకేం వినపడలేదు."

స్వరూప ఆమె వైపు తిరిగింది. ఆ గొంతు మూగపోవడం నేను మొదటిసారి అప్పుడే విన్నాను.

అరుంధతి మేడం నన్ను అడిగి తీసుకుని తలకు పెట్టుకుంది. మీట నొక్కింది. గదిలో ఎవరూ మాట్లాడటం లేదు, ఉన్నదల్లా ఏసీ హోరు. అది కాస్తా పోయింది. "అబ్బో, పక్కన పిడుగు పడినా వినపడేట్టు లేదే" అంది ఆశ్చర్యంగా.

"మేడం" అంది స్వరూప, గొంతు కూడదీసుకుని. "గట్లనే పెట్టుకోని ఉండుండ్రి. నేను మాట్లాడుత, ఇనబడుతదో లేదో మీరే సూడుండ్రి."

"అవసరం లేదమ్మా" అంది మేడం.

అప్పటికింకా నేను ఆమె చెవుల మీదే ఉన్నాను. వినపడిన మాటకు ఆమె జవాబు చెప్పింది. గదిలో ఉన్నవాళ్లంతా అది చూశారు. ఎవరూ గమనించలేదు, లేదా గమనించి ఊరుకున్నారు. నన్ను తీసి సువర్చల చేతిలో పెడుతూ, "మంచి వస్తువమ్మా, ఎక్కడ కొన్నారు?" అని అడిగింది.

స్వరూపను రాజీనామా చేయమన్నారు. సీటు సర్దుకుంటున్న రోజు సువర్చల నన్ను పెట్టుకుని కూర్చుంది. మీట నొక్కలేదు. స్వరూప దగ్గరికొచ్చి నిలబడింది. తిట్టలేదు, ఏడవలేదు.

"అక్కా, యాదయ్య బిడ్డ నా సీటుకే ఫోన్ చేస్తది. జెర నువ్వు ఎత్తి మాట్లాడు. ఆళ్లకు ఇంకెవరు తెల్వదు."

సువర్చల తల తిప్పలేదు. తెర మీద ఒకే అక్షరం వరసగా పడుతూ పోయింది. స్వరూప కాసేపు చూసి వెళ్లిపోయింది. తర్వాత ఆ ఖాళీ సీటు మీద ఫోను చాలాసార్లు మోగింది. సువర్చల పాటలు పెట్టుకోవడం నేర్చుకుంది.

చివరికి యాదయ్య బిల్లు కంపెనీ కట్టింది. "మా ఉద్యోగి చేసిన తప్పును వెంటనే దిద్దుకున్నాం" అని పత్రికల్లో ప్రకటన ఇచ్చింది. ఆ ఉద్యోగి పేరు మాత్రం మిగతా బీమా ఆఫీసుల్లో అందరికీ తెలిసిపోయింది. ఫణీంద్ర పై అంతస్తుకు వెళ్లాడు. అతని గది సువర్చలకు వచ్చింది. తలుపున్న గది, గోల రాదు. అయినా నన్ను వదల్లేదు. దారిలో, బస్సులో, ఇంట్లో వంట చేస్తూ కూడా పెట్టుకునేది. భర్త రెండుసార్లు పిలిస్తేగాని పలికేది కాదు. నా మెత్తలు చిట్లి పొట్టు రాలసాగింది.

ఒక ఎండాకాలం ఆమె కూతురు మేధకు జ్వరం వచ్చి తగ్గలేదు. కాలనీ దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లింది. హాలు నిండా జనం. లోపలి కౌంటరు నుంచి పేర్లు పిలుస్తున్నారు. ఆ గొంతు వినగానే సువర్చల గబుక్కున నన్ను చెవుల మీదికి లాక్కుంది.

"మేధ! మేధ ఎవరమ్మా?"

"అమ్మా, పిలుస్తున్నారు" అని పిల్ల మోచేత్తో పొడిచింది.

లేవక తప్పలేదు. కౌంటరు వెనక స్వరూప. కాస్త చిక్కింది. సువర్చలను ఒకసారి చూసింది, అంతే. పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "మస్తు కాలుతుంది. ముందు లోపలికి తోలుత." తర్వాత సువర్చల వైపు తిరిగి, "ఇన్సూరెన్సు ఉందా మేడం?" అని అడిగింది.

అక్కా అనలేదు.

సువర్చల ఏదో చెప్పబోయింది. వెనకనున్న మనిషి జరగమన్నాడు, జరిగింది. పిల్లను డాక్టరు చూశాక, పక్క గుమ్మం నుంచి, కౌంటరు వైపు రాకుండా వెళ్లిపోయింది. డాక్టరు గదిలోకి వెళ్లేటప్పుడు నన్ను తీసి పెట్టిన కుర్చీలోనే నేను ఉండిపోయాను. మరిచిపోయిందో, వదిలేసిందో చెప్పలేను. అంతకాలం ఆమె తలను మోసిన నాకే ఆ సంగతి తెలియలేదు.

హాలు ఊడ్చే ఆమె నన్ను తీసి కౌంటరు మీద పెట్టింది. "ఎవలియో సూడమ్మా. జెరసేపటి కింద ఆ కుర్చీల ఓ ఆమె కూసుంది, గా పిల్ల తల్లి. నీకు ఎర్కేనా?"

స్వరూప నన్ను చేతిలోకి తీసుకుంది. నా ఎడమ గిన్నె మీద ఆమె వేలు ఒకసారి ఆగింది.

"ఏమో. నాకు తెల్వదు" అంది.

ఆమె నోట నేను విన్న మొదటి అబద్ధం అది. తెగిన వైర్లు, పాడైన చార్జర్లు ఉన్న అట్టపెట్టెలో నన్ను వేసి, కాలితో బల్ల కిందికి నెట్టి, తర్వాతి పేరు పిలిచింది.